ఎనిమిది పాటల ముఖాముఖి: ప్రముఖుల జీవితాన్ని వారి పాటలతోనే చెప్పించడం ఎలా

పేరున్న వ్యక్తిని ఎదురుగా కూర్చోబెట్టుకొని, తన జీవితాన్ని మలిచిన పాటలేవో చెప్పమని అడిగి, వాటిని వినిపిస్తూ మాట్లాడించే కార్యక్రమాన్ని తెలుగులో తయారుచేయదలచుకున్నవారి కోసం ఈ మార్గదర్శి. కాలేజీ రేడియో నడిపేవారికైనా, పరాయిదేశంలో తెలుగు సంఘం తరఫున పాడ్‌కాస్ట్ మొదలుపెట్టినవారికైనా, తమ ఊరి పెద్దమనిషి గొంతును మనవల కోసం దాచిపెట్టాలనుకునేవారికైనా పద్ధతి ఒక్కటే. దాన్ని ఎనభై ఏళ్ల క్రితమే మొదలుపెట్టి నేటికీ పాటిస్తున్నది బీబీసీ రేడియోలో వచ్చే ‘డెజర్ట్ ఐలాండ్ డిస్క్స్’ కనుక, ప్రతి అంచెలోనూ దాని అనుభవాన్ని ముందు పెట్టుకొని, మనకు పనికివచ్చేదేదో, మార్చుకోవలసిందేదో చూద్దాం.

మొదటి అంచె: మూలాన్ని శ్రద్ధగా వినండి

1941 చివర్లో ఒక రాత్రి, ఇంగ్లండులోని హర్ట్‌ఫర్డ్‌షైర్‌లో ఉంటున్న రాయ్ ప్లమ్లీ అనే రేడియో రచయిత పడుకోబోతూ, నిర్జన ద్వీపంలో ఒంటరిగా చిక్కుకున్న మనిషి తన వెంట ఏ గ్రామఫోను రికార్డులు ఉండాలని కోరుకుంటాడన్న ఊహ తట్టి, పడక దుస్తుల్లోనే కూర్చొని బీబీసీకి ఉత్తరం రాశాడు. బాంబుదాడిలో దెబ్బతిన్న మైడా వేల్ స్టూడియోలో తొలి భాగం రికార్డు చేశారు. 1942 జనవరి 29న ప్రసారమైన ఆ భాగంలో అతిథి విక్ ఆలివర్ అనే హాస్యనటుడు, అప్పటి ప్రధాని చర్చిల్‌కు అల్లుడు. ప్లమ్లీ 1985లో చనిపోయేదాకా తానే నడిపాడు. తర్వాత మైకేల్ పార్కిన్‌సన్, సూ లాలీ, కర్స్టీ యంగ్ నిర్వహించగా, 2018 నుంచి లారెన్ లవర్న్ ఆ కుర్చీలో ఉన్నారు.

ఈ కార్యక్రమం తొలుత ప్రసారమైంది సైనికుల కోసం నడిపిన విభాగంలో. మన దేశంలో 1957లో మొదలైన వివిధ్ భారతిలోనూ, సినిమా ప్రముఖులు వచ్చి తమకు నచ్చిన పాటలు వినిపించిన ‘విశేష్ జయమాల’ సైనిక సోదరుల కోసం పుట్టిందే. ఇంటికి దూరంగా ఉన్న మనిషికి పాట ఏమవుతుందో రెండు చోట్లా ఒకేలా గ్రహించారు. అయితే జయమాలలో ప్రముఖుడు తానే వ్యాఖ్యాతగా మారి పాటలను పరిచయం చేస్తాడు, ప్లమ్లీ పద్ధతిలో ఎదురుగా కూర్చొని అడిగేవాడు ఒకడు ఉంటాడు. మనం తయారుచేయబోయేది ఈ రెండో రకం.

పాత భాగాలు 2011 నుంచి పెద్ద ఎత్తున ఇంటర్నెట్‌లో అందుబాటులోకి వచ్చాయి. మూడు నాలుగింటిని కాగితం, కలం దగ్గర పెట్టుకొని వినండి. అతిథి ఏమన్నారన్నదానికంటే, అడిగేవారు ఎక్కడ మాట్లాడకుండా ఊరుకున్నారో గుర్తుపెట్టుకోవడం మీకు ఎక్కువ ఉపయోగపడుతుంది.

రెండో అంచె: నియమాలు ముందే ఖాయం చేయండి

నియమాలు కఠినంగా ఉండటమే ఈ పద్ధతికి బలం. ఎనిమిది పాటలు మాత్రమే. ఇరవై అనుమతిస్తే అతిథి దేన్నీ వదులుకోనక్కరలేదు, వదులుకోవలసిన అవసరం లేనప్పుడు ఆలోచించవలసిన అవసరమూ ఉండదు. బీబీసీ కార్యక్రమంలో 1951 నుంచి ఒక పుస్తకాన్ని, ఒక విలాసవస్తువును కూడా అడుగుతున్నారు. బైబిలు, షేక్‌స్పియర్ సమగ్ర రచనలు ద్వీపంలో ముందే ఉన్నాయనుకోవాలి. బైబిలు వద్దన్నవారు తమ మతగ్రంథాన్ని తీసుకోవచ్చు. విలాసవస్తువుకు ప్రాణం ఉండకూడదు, అది తప్పించుకోవడానికి పనికిరాకూడదు. చివర్లో, అలలు అన్నింటినీ కొట్టుకుపోతుంటే ఒక్క రికార్డును కాపాడుకోవాలంటే ఏది అని అడుగుతారు.

తెలుగు ముఖాముఖికి ఈ ద్వీపం ఊహను, ఆ పేరును తెచ్చుకోవలసిన పని లేదు. అవి వారివి. మీ నియమానికి మీదైన కారణం ఉండాలి. ‘ఉద్యోగం మీద కొత్త దేశానికి వెళ్తున్న మనవరాలికి ఎనిమిది పాటలు ఇచ్చి పంపాలి’ అనవచ్చు. ‘ఇల్లు ఖాళీ చేస్తున్నారు, పెట్టెలో ఎనిమిది రికార్డులకే చోటుంది’ అనవచ్చు. పోతన భాగవతం, వేమన పద్యాలు పెట్టెలో ముందే ఉన్నాయని చెప్పి, మూడో పుస్తకం అడగవచ్చు. వస్తువు విషయంలో మాత్రం ఒక హెచ్చరిక: మన అతిథుల్లో సగానికి సగం ఆవకాయ జాడీ అడుగుతారు. తిండి పదార్థాన్ని ఒప్పుకోవాలా అన్నది ముందే నిర్ణయించుకోండి. బీబీసీలో 1951లో నటి శాలీ ఆన్ హౌస్ వెల్లుల్లి కోరుకున్నారు, 1992లో భౌతికశాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ క్రెమ్ బ్రూలే అనే తీపి వంటకం కోరుకున్నారు, రెండింటికీ అభ్యంతరం రాలేదు. నన్నడిగితే ఆవకాయను అనుమతించాలి, కానీ ఎవరి చేతి ఆవకాయ అని అడిగి తీరాలి.

మూడో అంచె: అతిథిని ఎంచుకోవడం, పిలవడం

సంగీతం బాగా తెలిసినవారే మంచి అతిథులని అనుకోవడం సహజమే కానీ, అనుభవంలో అది తరచు తిరగబడుతుంది. సంగీత విద్వాంసులు రాగం గురించి, గురువుగారి బాణీ గురించి మాట్లాడతారు, అది వేరే కార్యక్రమానికి పనికివస్తుంది. తమ వృత్తి ఏదైనా, పాటను చెవితో విని మనసులో పెట్టుకున్నవారు ఇక్కడ కావాలి. న్యాయమూర్తి, చేనేత సహకార సంఘం నడిపినావిడ, శస్త్రచికిత్స నిపుణుడు, హాకీ క్రీడాకారిణి, కలెక్టరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు, వీళ్ల దగ్గర ఎవరూ ఇంతవరకు పాటల గురించి అడిగి ఉండరు. విలేకరులకు నూరుసార్లు చెప్పిన జవాబులు కాక, అప్పటికప్పుడు వెతుక్కుంటూ చెప్పే మాటలు వారినుంచి వస్తాయి.

కళాకారులనే పిలిచినట్లయితే ‘మీ సొంత పాట ఒకటికి మించకూడదు’ అని ముందే చెప్పండి. 1958లో ప్రసిద్ధ ఆపెరా గాయని ఎలిజబెత్ ష్వార్ట్స్‌కాఫ్ తన ఎనిమిదింటిలో ఏడు తాను పాడినవే ఎంచుకున్నారు, ఆ ముచ్చట నేటికీ చెప్పుకొని నవ్వుకుంటూనే ఉన్నారు.

పిలిచే ముందు వ్యక్తి ఆయనేనా అని నిర్ధారించుకోండి. ఇది హాస్యానికి అన్న మాట కాదు. ప్లమ్లీ ఒకసారి సాహస నవలలు రాసే అలిస్టర్ మక్లీన్‌ను పిలిచాననుకొని, అదే పేరున్న కెనడా పర్యాటక శాఖ అధికారిని రప్పించుకున్నాడు. రికార్డింగు జరిగింది, ప్రసారం మాత్రం కాలేదు. మన పేర్లలో శ్రీనివాసరావులు, సత్యనారాయణమూర్తులు ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు.

నాలుగో అంచె: నచ్చిన పాట నుంచి మలిచిన పాటకు

మొత్తం పనిలో ఎక్కువ సమయం ఇవ్వవలసింది ఈ అంచెకే. అతిథికి కనీసం రెండు వారాల ముందు ఉత్తరం పంపండి, లేదా ఇంటికి వెళ్లి చెప్పండి. మొదట ఇరవై పాటలైనా రాయమనండి. ఆ మొదటి జాబితాలో వచ్చేవి సాధారణంగా గౌరవం కోసం చెప్పే పాటలు: ఒక త్యాగరాజ పంచరత్నం, ఒక అన్నమయ్య పదం, ఘంటసాల భగవద్గీత, ఒక దేశభక్తి గీతం. ఇది మన వాళ్ల బలహీనత మాత్రమే కాదు. బీబీసీ కార్యక్రమంలో అతిథులు అన్నింటికంటే ఎక్కువసార్లు కోరినది పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలోని బీథోవెన్ తొమ్మిదో సింఫనీ. నలుగురిలో చెప్పుకునే పాట వేరు, ఒంటరిగా ఉన్నప్పుడు నోట్లోకి వచ్చే పాట వేరు. అన్నమయ్య పదం జాబితాలో ఉండటం తప్పు కాదు, దాని వెనుక ఒక మనిషి, ఒక చోటు, ఒక కాలం లేకపోవడం లోటు.

దాన్ని తేల్చడానికి జాబితాలోని ప్రతి పాట పక్కనా మూడు గళ్లు గీసి ఇవ్వండి. మొదటి గడిలో ‘ఎవరి నోట లేదా ఏ యంత్రంలో విన్నారు’, రెండో గడిలో ‘అప్పుడు ఏ ఇంట్లో ఉన్నారు’, మూడో గడిలో ‘ఆ తర్వాత మీరు చేసిన పని ఏమైనా మారిందా’ అని రాయమనండి. మూడు గళ్లూ ఖాళీగా ఉన్న పాటలు వాటంతట అవే రాలిపోతాయి. హాకింగ్ తన ముఖాముఖిలో జర్మన్ స్వరకర్త వాగ్నర్ సంగీతాన్ని ఎంచుకున్నది అది గొప్పదన్న కారణంతో కాదు. ఇరవై ఒక్కేళ్ల వయసులో, 1963లో, నయంకాని నరాల జబ్బు ఉందని తేలినప్పుడు తాను ఉన్న చీకటి మనఃస్థితికి ఆ సంగీతం సరిపోయిందని చెప్పారు. అదే జాబితాలో ఇంగ్లండు పాప్ బృందం బీటిల్స్ పాట కూడా ఉంది. ఒకే మనిషిలో ఈ రెండూ పక్కపక్కన ఉండటాన్ని వినేవారు మరచిపోలేరు.

తెలుగు అతిథులకు జ్ఞాపకాన్ని కదిలించడానికి రేడియో పేర్లు బాగా పనికివస్తాయి. అరవై దాటినవారిని ‘మీ ఇంట్లో ఏ స్టేషను పలికేది?’ అని అడగండి. విజయవాడ కేంద్రం భక్తిరంజని, వివిధ్ భారతి, సిలోన్ రేడియోలో మీనాక్షీ పొన్నుదురై వ్యాఖ్యానంతో వచ్చిన తెలుగు పాటలు, వీటిలో ఏదో ఒకటి వినగానే వరుసగా పాటలు గుర్తుకువస్తాయి. నలభైల్లో ఉన్నవారికి క్యాసెట్టు దుకాణం, బస్సులో డ్రైవరు పెట్టిన పాటలు, ‘పాడుతా తీయగా’ చూసిన రాత్రులు అదే పని చేస్తాయి. సినిమా పాటతోనే ఆగిపోకుండా, రికార్డుకెక్కనివాటిని కూడా అడగండి. నాట్లు వేసేటప్పటి పాట, మంగళహారతి, బతుకమ్మ పాట, బుర్రకథలో వంత, చర్చిలో పాడిన కీర్తన, ముహర్రం రోజుల్లో విన్న మర్సియా అనే శోకగీతం, ఇవన్నీ ఎనిమిదిలో చోటు సంపాదించగలవు.

ఐదో అంచె: ఏ గొంతు, ఏ రికార్డు

పాట పేరు తెలిస్తే సరిపోదు. ‘మీరజాలగలడా’ అని అతిథి రాశారనుకోండి. రంగస్థలం మీద సత్యభామ వేషంలో స్థానం నరసింహారావు ప్రసిద్ధం చేసిన పాట అది. 1966లో వచ్చిన శ్రీకృష్ణ తులాభారం సినిమాలో జమున సత్యభామగా కనిపించగా పి. సుశీల పాడారు. అతిథి మనసులో ఉన్నది ఏదో తెలియకుండా సుశీల పాట వినిపిస్తే, తమ తాతగారు చెప్పిన నాటకం సంగతి చెప్పబోతున్న మనిషి సర్దుకొని సినిమా గురించి మాట్లాడి ఊరుకుంటారు. కీర్తనల విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం, ఎందుకంటే ఒకే కీర్తనను బాలమురళీకృష్ణ గొంతులో విని పెరిగినవారికి, నేదునూరి గొంతులో విని పెరిగినవారికి అవి రెండు వేర్వేరు జ్ఞాపకాలు. రికార్డు దొరికాక ముందుగా అతిథికి ఫోనులో ఒక నిమిషం వినిపించి ‘ఇదేనాండీ?’ అని అడగండి. కొన్నిసార్లు అక్కడే సగం కథ బయటికి వచ్చేస్తుంది, అప్పుడు ‘మిగతాది ఆ రోజుకు ఉంచండి’ అని మర్యాదగా ఆపవలసి ఉంటుంది.

వరుసను పుట్టిన ఏడాది నుంచి ఇప్పటిదాకా కాలక్రమంలో పెట్టనక్కరలేదు. బాల్యం పాటతో మొదలుపెట్టే ముఖాముఖులు ఇప్పటికే ఎన్నో ఉన్నాయి. అతిథి ఎక్కువగా నవ్వే పాటను ముందు, మాట్లాడటానికి కష్టపడే పాటను ఐదు లేదా ఆరో స్థానంలో పెడితే, అప్పటికి ఇద్దరి మధ్యా బిడియం తగ్గి ఉంటుంది. చివరి పాట అతిథి ఇష్టానికే వదిలేయండి.

ఆరో అంచె: ప్రశ్నలు

తొలినాళ్లలో బీబీసీ ముఖాముఖులను ముందే రాసుకొని చదివేవారు. యుద్ధకాలపు అదుపాజ్ఞల్లో అది తప్పలేదు. మనకు ఆ నిర్బంధం లేదు కనుక జవాబులు రాసుకురావద్దని అతిథికి గట్టిగా చెప్పండి. మీ ప్రశ్నలు మాత్రం రాసుకోండి, ఒక్కో పాటకు రెండు మించకుండా.

జీవితం గురించి నేరుగా అడిగితే సన్మాన సభలో మాట్లాడినట్టు మాట్లాడతారు. పాట గురించి అడిగితే జీవితం దాని వెంటే వస్తుంది. ఒక ఊహా సన్నివేశం చూడండి. అతిథి పేరున్న గుండె వైద్యుడు, పాట పైన చెప్పిన సత్యభామ పాటే.

‘ఈ పాట మీకు ఎందుకు ఇష్టమండీ?’ అని అడిగితే, ‘మంచి సాహిత్యం, చక్కటి సంగీతం, ఈ రోజుల్లో అలాంటివి రావడం లేదండీ’ అన్న జవాబు వస్తుంది. దానితో ఏమీ చేయలేరు. అదే ప్రశ్నను మార్చి అడగండి.

‘ఇది మొదట మీ చెవిన ఎక్కడ పడింది డాక్టరుగారూ?’

‘మా మేనత్త నూతి దగ్గర గిన్నెలు తోముతూ పాడేది.’

‘ఆవిడ నాటకం చూశారా, రికార్డు విన్నారా?’

‘రెండూ లేవండీ. పక్కింటివాళ్ల రేడియోలో విని పట్టుకుంది. ఆవిడకు చదువు రాదు. నన్ను చదివించింది ఆవిడే.’

ఈ చోట మీరు చేయవలసిన పని నోరు మూసుకొని కూర్చోవడం. ‘ఎంత గొప్ప విషయమండీ’ అన్నారో, ఆయన ఆ వాకిట్లోంచి లేచి మళ్లీ డాక్టరుగారైపోతారు. అయిదు క్షణాల నిశ్శబ్దం మీకు అయిదు నిమిషాలనిపిస్తుంది, వినేవారికి మాత్రం అలా అనిపించదు. ఆ తర్వాత కూడా ఆయన మాట్లాడకపోతే, పాట పెట్టండి.

అడగకూడనివి కొన్ని ఉన్నాయి. ‘నేటి పాటల స్థాయి పడిపోయిందంటారా?’ అన్న ప్రశ్న వేస్తే మిగిలిన సమయమంతా ఫిర్యాదులకే సరిపోతుంది. చనిపోయిన జీవిత భాగస్వామికి సంబంధించిన పాట ఉంటే, దాని గురించి ఎంతవరకు మాట్లాడదలచారో ముందురోజే విడిగా కనుక్కోండి.

ఏడో అంచె: రికార్డింగు రోజు

ఇద్దరికీ విడివిడి మైకులు ఉండాలి, మైకు నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కగా ఉండాలి. పంకా, ఏసీ ఆపండి, ఫోన్లు గదిలోంచి బయటికి పంపండి. స్టూడియో లేకపోతే పరుపులు, పుస్తకాల బీరువాలు ఉన్న పడకగది హాలుకంటే మేలు. రికార్డింగును ఎంపీ3లో కాక వేవ్ ఫైలుగానే చేయండి, తర్వాత కుదించుకోవచ్చు.

పాటను తర్వాత కూర్పులో (ఎడిటింగులో) తగిలించుకుందామనుకోకుండా, అతిథి చెవుల్లో హెడ్‌ఫోను పెట్టి గదిలోనే వినిపించండి. మీ మైకులు ఆ సమయంలో కూడా నడుస్తూనే ఉండాలి. పాట నడుస్తుండగా అతిథి తీసే కూనిరాగం, ముగిశాక వచ్చే మొదటి మాట చాలాసార్లు మొత్తం ముఖాముఖిలో మేలైన భాగం అవుతాయి. ఒకటిన్నర గంట రికార్డు చేస్తే నలభై నిమిషాల కార్యక్రమం తయారవుతుంది.

ఎనిమిదో అంచె: హక్కులు

ముప్పై సెకన్ల లోపు ఎవరి పాటైనా వాడుకోవచ్చన్న మాట చాలామంది నమ్ముతారు. భారత కాపీరైటు చట్టంలో అలాంటి సెకన్ల లెక్క ఎక్కడా లేదు. ఒక పాటలో కనీసం రెండు రకాల హక్కులు ఉంటాయి. రికార్డింగు మీద హక్కు అది విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. సాహిత్యం మీద, బాణీ మీద హక్కు రచయిత లేదా స్వరకర్త మరణించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. త్యాగరాజు 1847లో సిద్ధిపొందారు కనుక కీర్తన అందరిదీ, కానీ పదేళ్ల క్రితం ఎవరో పాడిన రికార్డింగు అందరిదీ కాదు. ఘంటసాల 1974లో కన్నుమూశారు కనుక ఆయన కట్టిన బాణీల మీద హక్కు 2034 చివరిదాకా ఉంటుంది, రికార్డు ఎంత పాతదైనా సరే.

సాహిత్యం, సంగీతం హక్కులకు రచయితల, స్వరకర్తల తరఫున అనుమతులిచ్చే ఐపీఆర్ఎస్ సంస్థను, రికార్డింగుకు ఆయా ఆడియో కంపెనీని సంప్రదించాలి. యూట్యూబులో పెడితే అక్కడి యంత్రమే పాటను గుర్తుపట్టి ఆదాయాన్ని హక్కుదారుకు మళ్లిస్తుంది, లేదా వీడియోను ఆపేస్తుంది. పాడ్‌కాస్టు రూపంలో బీబీసీ కూడా హక్కుల కారణంగా పాటలను బాగా కుదించి వినిపిస్తుంది. చిన్న బృందాలకు అనుమతుల ఖర్చు భరించలేనిదైతే, రికార్డు భాగాన్ని తీసేసి అతిథి తీసిన కూనిరాగాన్ని ఉంచండి, పూర్తి పాట ఎక్కడ వినవచ్చో పాట పేరుతో, గాయకుల పేరుతో కింద రాయండి. కూనిరాగానికి కూడా బాణీ హక్కు వర్తిస్తుందన్నది మాత్రం మరవవద్దు. అతిథి నుంచి సంతకంతో కూడిన అనుమతి పత్రం రికార్డింగుకు ముందే తీసుకోండి, తర్వాత అడిగితే మొహమాటాలు వస్తాయి.

తొమ్మిదో అంచె: భద్రపరచడం

ప్లమ్లీ కాలపు ముఖాముఖుల్లో చాలా భాగాన్ని బీబీసీ దాచుకోలేదు. 2022లో తొంభైకి పైగా భాగాలు తిరిగి దొరికాయి, అవి కూడా ఇళ్లలో రేడియోనుంచి సొంతంగా రికార్డు చేసి పెట్టుకున్న టేపుల్లో. అంత పెద్ద సంస్థకే అది జరిగినప్పుడు, మన ల్యాప్‌టాపు మీద నమ్మకం పెట్టుకోలేం. కూర్పు చేయని మొత్తం రికార్డింగును మూడు చోట్ల ఉంచండి, వాటిలో ఒకటి వేరే ఊళ్లో ఉండాలి. ఫైలు పేరులో అతిథి పేరు, తేదీ, ఊరు రాయండి. దాని పక్కనే ఎనిమిది పాటల జాబితాను గాయకులు, స్వరకర్త, రచయిత, ఎక్కడ విన్నారన్న వివరాలతో విడి కాగితంగా పెట్టండి. ఒక ప్రతిని అతిథి ఇంటికి పంపి, ఆ కాగితంలో తప్పుపడిన పేర్లుంటే దిద్దమని ఇంట్లోవారిని అడగండి. సినిమా పేర్లు మీరు సరిచూసుకోగలరు కానీ, మేనత్త పేరును, ఆ నూతివాకిలి ఉన్న వీధి పేరును వాళ్లే దిద్దగలరు.